జెడ్ యాక్సిస్ పోను పోను లోతుకి దిగిపోతోంది: డ్రైవ్ సెట్టింగ్ తేడానా, మోటార్ తేడానా?

గుంటూరు_చెక్కపని:
అందరికీ నమస్కారం. గుంటూరులో మాకు చెక్కపని షాపు ఉంది, సింహద్వారాలు, పూజా మందిరాల తలుపులు ఎక్కువగా చేస్తాం. నాలుగడుగులు బై ఎనిమిదడుగుల రౌటర్ మెషీన్, కంప్యూటర్‌తో నడిచేది. ఎక్స్, వైతో ఏ గొడవా లేదు, ప్రాణం తీస్తున్నది టూల్‌ని పైకీ కిందకీ కదిపే జెడ్. టేకు తలుపు మీద లక్ష్మీదేవి బొమ్మ చెక్కడానికి పొద్దున జీరో పెట్టి వదిలితే, సాయంత్రం ఫినిషింగ్ పాస్ చివరికొచ్చేసరికి టూల్ దాదాపు రెండు మిల్లీమీటర్లు లోతుకి దిగిపోయి ఉంటోంది. పాదాల దగ్గర చక్కగా వచ్చిన బొమ్మ, ముఖం దగ్గరికి వచ్చేసరికి ముక్కు చదునైపోతోంది. టేకు ధర సంగతి మీకు చెప్పక్కర్లేదు, పైగా కస్టమర్ గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని కూర్చుని ఉంటాడు.

మెషీన్ వివరాలు ఇవీ. జెడ్‌కి నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్ (పల్సు పల్సుకీ ఒక్కో స్టెప్పు తిరిగేది), ప్లేటు మీద 2.8 ఆంప్స్ అని ఉంది. ఆ మోటార్‌ని తిప్పే డ్రైవ్ డీఎం 542, చుట్టుకి 1600 పల్సులు. బాల్ స్క్రూ 1605, అంటే ఒక చుట్టుకి 5 మి.మీ. కాబట్టి మెషీన్‌ని నడిపే మాక్3 సాఫ్ట్‌వేర్‌లో మిల్లీమీటరుకి 320 స్టెప్పులు పెట్టాం. కంప్యూటర్ ప్యారలల్ పోర్టు, దానికీ డ్రైవ్‌లకీ మధ్యలో వైర్లు కలిపే బ్రేక్‌అవుట్ బోర్డు, పవర్ సప్లై 36 వోల్టుల ఎస్‌ఎంపీఎస్. మెకానిక్ వచ్చి కరెంట్ పెంచాడు, మోటార్‌నీ స్క్రూనీ కలిపే కప్లింగ్ మార్చాడు, అయినా అంతే.

విచిత్రం ఏంటంటే జాలీ కటింగ్, అంచులు గాడి కొట్టడం లాంటివి రోజంతా చేసినా వెంట్రుకవాసి తేడా రాదు. బొమ్మ చెక్కినప్పుడే వస్తోంది. డ్రైవ్ మీద ఏ స్విచ్ ఎలా పెట్టాలో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కొత్తపేట_వైండింగ్:
జెడ్ అంటే బరువు మోసేదండీ. టూల్‌ని తిప్పే స్పిండిల్, బ్రాకెట్, ప్లేటు అన్నీ కలిపి పది కిలోలు దాటుతుంది. కిందకి దిగడం సులువు, పైకి ఎత్తేటప్పుడు మోటార్ బలం చాలక స్టెప్పులు వదిలేస్తుంది, అందుకే ఎప్పుడూ లోతు వైపే తేడా వస్తోంది. కరెంట్ ఇంకా పెంచండి, ఆ స్విచ్‌ల్లో నాలుగోది ఒకటుంటుంది, మోటార్ ఆగినప్పుడు కరెంట్ సగానికి తగ్గిస్తుంది, దాన్ని ఫుల్ మీద పెట్టండి. లేదంటే నెమా 34 మోటార్ వేసేయండి.

లేత్_మాస్టారు:
మోటార్ కొనే ముందు ఒక మార్కర్ పెన్ను కొనండి. మోటార్ షాఫ్టు, కప్లింగ్, బాల్ స్క్రూ మూడింటి మీదుగా ఒకే తిన్నని గీత గీయండి. ఒక బొమ్మ పూర్తిగా చెక్కాక ఆ గీత చూడండి. గీత ఎక్కడ తెగి పక్కకి జరిగితే అక్కడ జారుతున్నట్టు. కప్లింగ్ కొత్తదే అయినా గ్రబ్ స్క్రూ నున్నటి షాఫ్టు మీద నిలవదు, షాఫ్టుకి చిన్న ఫ్లాట్ ఆకురాయి పెట్టి తీయాలి. స్పిండిల్ కొల్లెట్‌లో (టూల్‌ని బిగించే పట్టు) టూల్ కూడా కొద్దికొద్దిగా కిందకి లాక్కుపోతుంది, ముఖ్యంగా పొట్టుని పైకి లాగే అప్‌కట్ బిట్ అయితే. టూల్ మెడ మీద, కొల్లెట్ నట్టు అంచున కూడా గీత పెట్టండి.

బెజవాడ_రౌటర్:
నాదీ ఇలాంటి మెషీనే, ఇక్కడ కానూరులో. స్పిండిల్ వేడెక్కితే పొడవు పెరుగుతుంది, దాంతో లోతు మారుతుంది. కానీ అది మిల్లీమీటరులో వందో వంతుల లెక్క, రెండు మిల్లీమీటర్లు రాదు. ఇంకో మాట, ఎవరైనా 320ని కొంచెం తగ్గించి సరిచేద్దాం అంటే మాత్రం ఒప్పుకోకండి. బాల్ స్క్రూకి లెక్క లెక్కే, 1600ని 5తో భాగిస్తే 320. ర్యాక్ పినియన్‌కో బెల్టుకో అయితే కొలిచి సర్దడంలో అర్థం ఉంది. జెడ్‌లో ఆ అంకె మారిస్తే మీ బొమ్మ మొత్తం ఎత్తే మారిపోతుంది, జారడం మాత్రం జారుతూనే ఉంటుంది.

గుంటూరు_చెక్కపని:
మాస్టారూ, మీరు చెప్పినట్టు గీతలు పెట్టి ఒక రోజంతా నడిపాం. షాఫ్టు మీద, కప్లింగ్ మీద, స్క్రూ మీద గీత చెక్కుచెదరలేదు. టూల్ మీది గీతా అలాగే ఉంది. లోతు మాత్రం మళ్లీ తేడా వచ్చింది. నాలుగో స్విచ్ ఫుల్ మీద పెట్టాం, కరెంట్ పట్టికలో ఉన్న పెద్ద అంకె 4.2 మీద ఉంది. మోటార్ మీద చెయ్యి పెడితే అర నిమిషం కూడా ఉంచలేకపోతున్నాం. ఈ ఎండల్లో కాలిపోతుందేమో అని టెన్షన్‌గా ఉంది.

పాలిటెక్నిక్_కుర్రాడు:
అన్నా, మధ్యలో దూరుతున్నందుకు సారీ. కొండపల్లి బొమ్మలకి తెల్ల పొణికి చెక్కని చిన్న సైజులో కోయడానికి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఒక బుల్లి మెషీన్ కడుతున్నాం. ఆర్డుయినో యూనో బోర్డు, దాని మీద మెషీన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము, టీబీ 6600 డ్రైవ్‌లు, 12 వోల్టుల సప్లై, 8 మి.మీ. లీడ్ (చుట్టుకి కదిలే దూరం) ఉన్న స్క్రూ. నున్నగా తిరుగుతుందని మైక్రోస్టెప్ 32 పెట్టాం, అంటే ఒక స్టెప్పుని 32 ముక్కలు చేశాం. కొంచెం స్పీడ్ పెంచితే మోటార్ కీచుమని అరిచి ఆగిపోతోంది. ఇది కూడా కరెంట్ సమస్యేనా?

ఈసీఈ_కృష్ణలంక:
తమ్ముడూ, నీదీ గుంటూరు వారిదీ వేరువేరు రోగాలు. ముందు నీది చెప్తా, చిన్నది.

నీ మోటార్ 200 స్టెప్పులది, 32తో గుణిస్తే చుట్టుకి 6400, 8 మి.మీ. లీడ్‌కి మిల్లీమీటరుకి 800 స్టెప్పులు. యూనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకి ఇంచుమించు 30 వేల పల్సులకి మించి ఇవ్వలేదు. అంటే నిమిషానికి 2250 మి.మీ. దగ్గరే నీ మెషీన్‌కి గోడ అడ్డొచ్చేసింది. మైక్రోస్టెప్ 8 పెట్టు, జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $100 నుంచి $102 వరకు మూడింట్లో 200 రాయి. అరుపుకి అసలు కారణం 12 వోల్టులు. మోటార్ కాయిల్‌లో కరెంట్ ఎక్కడానికి టైం పడుతుంది, స్పీడ్ పెరిగే కొద్దీ ఆ టైం దొరకదు, కరెంట్ నిండే లోపే తర్వాతి స్టెప్పు వచ్చేస్తుంది, బలం పడిపోతుంది. వోల్టేజ్ ఎక్కువైతే కరెంట్ త్వరగా నిండుతుంది. నీ డ్రైవ్ తట్టుకుంటుంది కాబట్టి 24 గానీ 36 గానీ పెట్టు. $120, $121, $122 యాక్సిలరేషన్లు, వాటిని తగ్గించి మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పో. $1 విలువ 255 పెడితే ఆగినప్పుడు కూడా మోటార్ పట్టు వదలదు.

ఇక గుంటూరు వారికి. ముందు కరెంట్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మోటార్ అనవసరంగా ఉడుకుతోంది. డీఎం 542 మీద పట్టికలో రెండు వరుసలుంటాయి, ఒకటి పీక్ (కరెంట్ ఎక్కే గరిష్ఠం), రెండోది ఆర్‌ఎంఎస్ (సగటు లాంటి విలువ). పీక్ అంటే ఆర్‌ఎంఎస్‌కి 1.414 రెట్లు. మోటార్ ప్లేటు మీద 2.8 అని ఉంటే సాధారణంగా దాన్ని ఆర్‌ఎంఎస్ వరుసలో చూసుకోవాలి. అందులో 2.69 ఉంది, దాని పక్కన పీక్ 3.76. మీకు సరైనది అది. చాలామంది 2.8ని పీక్ వరుసలో వెతికి 2.84 మీద పెట్టేస్తారు, అప్పుడు మోటార్‌కి అందేది 2.03 మాత్రమే, నాలుగో వంతుకి పైగా బలం వృథా. మీరు ఇప్పుడు పెట్టుకున్న 4.2 పీక్ అంటే 3.0 ఆర్‌ఎంఎస్. 2.69తో పోలిస్తే వేడి దాదాపు నాలుగో వంతు ఎక్కువ, ఎందుకంటే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బలం మాత్రం అంత పెరగదు.

నాలుగో స్విచ్ మళ్లీ సగం మీద పెట్టేయండి. పది కిలోల బరువు 5 మి.మీ. లీడ్ స్క్రూ మీద ఆనితే మోటార్ షాఫ్టు మీద పడేది సుమారు 0.09 న్యూటన్ మీటర్లు. మీ సైజు నెమా 23 మోటార్ దాదాపు 2 న్యూటన్ మీటర్లు పట్టుకోగలదు. సగం కరెంట్‌లో కూడా కావలసినదానికి పదింతలు మిగిలే ఉంటుంది. బరువు వల్ల జారే అవకాశం లేదు.

కొత్తపేట_వైండింగ్:
మేడమ్, నిలబెట్టి పట్టుకోవడానికి సరిపోతుంది, ఒప్పుకుంటా. కానీ ఎత్తేటప్పుడు, అదీ స్పీడ్‌గా ఎత్తేటప్పుడు మోటార్ బలం పడిపోతుందని మీరే అన్నారు కదా. అప్పుడు వదిలేయొచ్చుగా?

ఈసీఈ_కృష్ణలంక:
వదిలేయొచ్చు. మంచి ప్రశ్న, దీని జవాబులోనే అసలు కిటుకు ఉంది.

1.8 డిగ్రీల మోటార్ రోటర్‌కి 50 పళ్లుంటాయి. బలం చాలక జారినప్పుడు రోటర్ ఒక మైక్రోస్టెప్పో రెండు మైక్రోస్టెప్పులో జారి ఆగదు. ఒక పన్ను పట్టు వదిలితే మళ్లీ పట్టు దొరికేది తర్వాతి పన్ను దగ్గరే. అంటే ఒకేసారి 7.2 డిగ్రీలు, నాలుగు పూర్తి స్టెప్పులు. మీ 5 మి.మీ. స్క్రూ మీద అది సరిగ్గా 0.1 మి.మీ. కాబట్టి బలం చాలక పోయేది ఎప్పుడూ 0.1, 0.2, 0.3 ఇలా గెంతులుగానే పోతుంది. ఎక్కువసార్లు మోటార్ బుర్రుమని అరిచి ఒకేసారి చాలా పోతుంది. మెత్తగా, రోజంతా కొంచెం కొంచెంగా జారుతోందంటే అది బలం సమస్య కాదు, లెక్క సమస్య. డ్రైవ్‌కి అందిన పల్సులు, మాక్3 పంపాననుకున్న పల్సులు ఒకటి కావడం లేదు.

మీ మొదటి పోస్టులోనే ఆధారం ఉంది. జాలీ కటింగ్‌లో తేడా రాదు, బొమ్మలో వస్తుంది అన్నారు. జాలీలో జెడ్ ఒకసారి దిగి చాలాసేపు అక్కడే ఉంటుంది. బొమ్మలో చెంప ఎక్కి ముక్కు దిగి పెదవి ఎక్కి, క్షణానికోసారి దిశ మారుస్తుంది. కాబట్టి జెడ్ ఎంత దూరం తిరిగిందో కాదు, ఎన్నిసార్లు దిశ మార్చిందో చూడాలి.

ఒక పరీక్ష చేయండి. టూల్ తీసేయండి, స్పిండిల్ ఆపేయండి, బల్ల మీద డయల్ గేజ్ అయస్కాంతం స్టాండు పెట్టి దాని ముల్లు స్పిండిల్ ప్లేటు కిందకి ఆనించి సున్నా చేయండి. తర్వాత గేజ్‌కి తగలకుండా జెడ్‌ని పైకెత్తి అక్కడి నుంచి రెండు ప్రోగ్రాములు నడపండి. మొదటిది జెడ్ అర మిల్లీమీటరు కిందకి, అర మిల్లీమీటరు పైకి, ఇలా వెయ్యి సార్లు. రెండోది 50 మి.మీ. కిందకి, 50 పైకి, పది సార్లు. రెండింట్లోనూ జెడ్ తిరిగే మొత్తం దూరం ఒకటే, మీటరు. ఫీడ్ రెండింటికీ ఒకటే పెట్టండి. అయ్యాక గేజ్ దగ్గరికి తిరిగొచ్చి ఎంత తేడా ఉందో చూడండి. మొదటి ప్రోగ్రాముని 250కి ఒకసారి ఆపి చదివితే ఇంకా మంచిది.

ప్లాస్మా_ఆటోనగర్:
ఈ టాపిక్ నేను మొదటి నుంచీ చదువుతున్నా. మాది ఆటోనగర్‌లో లారీ బాడీ షీట్లు కోసే ప్లాస్మా టేబుల్. మాకూ స్టెప్పులు పోయేవి, కానీ మా కథ వేరు. టార్చ్ వెలిగిన క్షణంలో యాక్సిస్ ఒక్క గెంతు గెంతేది, ఒక్కోసారి ముందుకి, ఒక్కోసారి వెనక్కి. హై ఫ్రీక్వెన్సీ స్టార్ట్ ఇచ్చే నాయిస్ పల్స్ వైరులో దూరి డ్రైవ్‌కి పల్సులాగే కనిపిస్తుంది. గుంటూరు అన్నకి ఎప్పుడూ ఒకే వైపు పోతోంది కాబట్టి నాయిస్ అయ్యుండదు అనుకుంటున్నా. అయినా స్పిండిల్‌కి స్పీడ్ మార్చే విఎఫ్‌డి ఉంది కదా, వైర్లు ఎలా లాగారో ఒకసారి చూసుకోండి. స్పిండిల్ కేబుల్ ఒక పక్క, పల్స్ కేబుల్ ఇంకో పక్క పోవాలి, ఒకే చైన్‌లో తప్పనిసరైతే మధ్యలో పట్టీ పెట్టాలి. షీల్డ్ ఉన్న కేబుల్ అయితే షీల్డ్‌ని ప్యానెల్ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయాలి, రెండు చివర్లా చేస్తే ఆ షీల్డ్‌లోనే కరెంట్ పారుతుంది. ఎర్త్ వైర్లన్నీ ప్యానెల్‌లో ఒకే బోల్టు దగ్గరికి చేరాలి, ఒకదాని నుంచి ఒకదానికి గొలుసులా లాగకూడదు.

గుంటూరు_చెక్కపని:
మేడమ్, పరీక్ష చేశాం. 50 మి.మీ. ప్రోగ్రాము అయ్యాక గేజ్ ముల్లు సున్నా మీదే ఉంది, కదల్లేదు. అర మిల్లీమీటరు ప్రోగ్రాములో 250 దగ్గర 0.11, 500 దగ్గర 0.21, 750 దగ్గర 0.32, చివర 0.43. అన్నీ కిందకే. పక్కన మా తమ్ముడు రాసుకుంటూ ఉంటే నాకు వెన్నులో చలి పుట్టింది, ఇంత శుభ్రంగా పోతోందా అని. స్పిండిల్ ఆపే ఉంచాం కాబట్టి విఎఫ్‌డి నాయిస్ కూడా కాదు. కరెంట్ 2.69 మీద పెట్టి, నాలుగో స్విచ్ సగానికి మార్చి చేశాం, మోటార్ ఇప్పుడు గోరువెచ్చగా ఉంది.

లేత్_మాస్టారు:
సెభాష్. ఇలా కొలిచి చెప్పేవాళ్లు దొరకరు.

ఈసీఈ_కృష్ణలంక:
చాలా బాగా చేశారు. అంకెలు చూడండి, 0.1 గెంతులు లేవు, గీత గీసినట్టు పెరుగుతోంది. దూరం ఒకటే అయినా దిశ మార్పులు ఎక్కువున్న చోటే పోతోంది. ఇది నూటికి నూరుపాళ్లూ పల్స్ సిగ్నల్‌కీ, దిశ చెప్పే డైరెక్షన్ సిగ్నల్‌కీ మధ్య టైమింగ్ సమస్య.

లోపల జరిగేది ఇది. డ్రైవ్ పల్స్ మొత్తాన్ని చూడదు, పల్స్‌కి ఉన్న రెండు అంచుల్లో ఒక్క అంచుని మాత్రమే లెక్కపెడుతుంది, లెక్కపెట్టే క్షణంలో డైరెక్షన్ వైరు ఎటు ఉంటే అటు ఒక మైక్రోస్టెప్ వేస్తుంది. డీఎం 542కి డైరెక్షన్ సిగ్నల్ కనీసం 5 మైక్రోసెకన్లు ముందుగా వచ్చి స్థిరపడి ఉండాలి, పల్స్ వెడల్పు కనీసం 2.5 మైక్రోసెకన్లు ఉండాలి. మీ బ్రేక్‌అవుట్ బోర్డు వైరింగ్ ఎలా ఉందో చెప్పండి. పల్స్ ప్లస్, డైరెక్షన్ ప్లస్ రెండూ కలిపి 5 వోల్టులకి ఇచ్చి, మైనస్‌లు బోర్డుకి ఇచ్చి ఉంటే, బోర్డు పిన్ను కిందకి పడినప్పుడే డ్రైవ్ లోపలి ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుతురుతో లోపలికి అందించే భాగం) వెలుగుతుంది. మాక్3లో ఆ సంగతి చెప్పకపోతే డ్రైవ్ తప్పు అంచుని లెక్కపెడుతుంది. కంట్రోలర్ దిశ మార్చే క్షణం, డ్రైవ్ లెక్కపెట్టే అంచు దాదాపు ఒకే చోట పడతాయి. ఎక్కువసార్లు సరిగానే పోతుంది, ఎప్పుడో ఒకసారి డైరెక్షన్ వెనకబడుతుంది, కిందకి వెళ్లాల్సిన పల్సు పైకో, పైకి వెళ్లాల్సింది కిందకో పోతుంది.

మీ లెక్కే చూడండి. ఒక మైక్రోస్టెప్ 0.003125 మి.మీ. తప్పు దిశలో ఒక పల్సు పడితే అసలు వెళ్లాల్సినది పోయి, వెళ్లకూడనిది వచ్చి, రెండు మైక్రోస్టెప్పుల తేడా. 0.43 అంటే దాదాపు 138 మైక్రోస్టెప్పులు, అంటే వెయ్యి ఎక్కుదిగుళ్లలో సుమారు 70 సార్లు తప్పింది. పదిహేనింటిలో ఒకటి. అందుకే చిన్న జాబ్‌లో కనపడదు, రోజంతా నడిచే బొమ్మలో ముక్కు కోసేస్తుంది.

కొత్తపేట_వైండింగ్:
అర్థమైంది మేడమ్. కానీ పైకీ తప్పొచ్చు, కిందకీ తప్పొచ్చు అన్నారు, మరి రెండూ కొట్టేసుకుని సున్నా కావాలి కదా, ఒకే వైపు ఎందుకు పోతోంది?

ఈసీఈ_కృష్ణలంక:
ఆప్టోకప్లర్ వెలగడానికి పట్టే టైమూ ఆరడానికి పట్టే టైమూ ఒకటి కాదు, మామూలుగా ఆరడానికి ఎక్కువ పడుతుంది. కాబట్టి డైరెక్షన్ వైరు ఒక వైపు మారేటప్పుడు టైముకి అందుతుంది, రెండో వైపు మారేటప్పుడు అంచు మీద ఉంటుంది. ఏది అంచు మీద ఉందో అటే జారుతుంది. డైరెక్షన్ తిరగేసి పెడితే తేడా పైకి పోయేది.

ఇప్పుడు చేయాల్సింది. మాక్3లో కాన్ఫిగ్, పోర్ట్స్ అండ్ పిన్స్, మోటార్ అవుట్‌పుట్స్ తెరవండి. జెడ్ వరుసలో స్టెప్ లో యాక్టివ్ అనే గడి ఉంటుంది. అక్కడ ఎర్ర ఇంటూ ఉంటే పచ్చ టిక్ చేయండి, టిక్ ఉంటే ఇంటూ చేయండి. డైరెక్షన్ గడి ముట్టుకోకండి, అది మారిస్తే జెడ్ ఉల్టా నడుస్తుంది. తర్వాత మోటార్ ట్యూనింగ్‌లో జెడ్ కింద స్టెప్ పల్స్ 5, డైరెక్షన్ పల్స్ 5 పెట్టి సేవ్ యాక్సిస్ సెట్టింగ్స్ నొక్కండి, నొక్కకపోతే నిలవదు. మళ్లీ అదే వెయ్యి సార్ల ప్రోగ్రాము నడపండి. సరిపోతే ఎక్స్, వైకి కూడా అదే పరీక్ష చేయండి. వాటి ర్యాక్ మీద ఒక స్టెప్పు విలువ వేరు, ఇన్ని దిశ మార్పులూ ఉండవు, కాబట్టి ఇన్నాళ్లూ కంటికి కనపడి ఉండదు.

పాలిటెక్నిక్_కుర్రాడు:
అక్కా, 24 వోల్టులు, మైక్రోస్టెప్ 8 పెట్టాం, అరుపు పోయింది, నిమిషానికి 2500 మీద ఆగకుండా తిరుగుతోంది. థాంక్యూ. ఈ టైమింగ్ గొడవ జీఆర్‌బీఎల్‌లోనూ వస్తుందా?

ఈసీఈ_కృష్ణలంక:
రావచ్చు. పల్స్ వెడల్పు $0లో ఉంటుంది, మామూలుగా 10 మైక్రోసెకన్లు, అది చాలు. పల్స్ తిరగేయడం $2లో. డైరెక్షన్‌కీ పల్స్‌కీ మధ్య ఎడం మాత్రం సెట్టింగ్‌లో ఉండదు, కాన్ఫిగ్ ఫైల్లో స్టెప్ పల్స్ డిలే అనే వరుస ఉంటుంది, ముందున్న రెండు గీతలు తీసేసి మళ్లీ కంపైల్ చేసి ఎక్కించాలి. ముందు వెయ్యి సార్ల పరీక్ష చెయ్యి, తేడా వస్తేనే దాని జోలికి వెళ్లు. ఇంకో విషయం, కరెంట్ ఉండగా మోటార్ వైరు ఎప్పుడూ ఊడదీయకు. డ్రైవ్ అక్కడికక్కడే పోతుంది. లూజు స్క్రూ కూడా అంతే, అందుకే వైరు చివర పిన్ లగ్గు కొట్టి బిగించు.

గుంటూరు_చెక్కపని:
మేడమ్, మీరు చెప్పినట్టే వైరింగ్ ఉంది, ప్లస్‌లన్నీ 5 వోల్టులకి కలిపి ఉన్నాయి. జెడ్ గడిలో ఇంటూ ఉంది, టిక్ చేశాం. వెయ్యి సార్లు అయ్యాక గేజ్ ముల్లు సున్నా. నమ్మలేక మళ్లీ నడిపాం, సున్నా. ఎక్స్, వైలో కూడా ఇంటూలే ఉన్నాయి, వాటినీ మార్చేశాం. నిన్న పొద్దున్నుంచీ వినాయకుడి పలక నడిచింది, చివర్లో టూల్ మళ్లీ జీరో పాయింట్ దగ్గరికి తెచ్చి కాగితం పెట్టి చూస్తే పొద్దున ఎలా పట్టిందో అలాగే పట్టింది. ముక్కు లేదు కాబట్టి తొండం అనుకోండి, తొండం కొస వరకు గుండ్రంగా వచ్చింది. మీకూ మాస్టారికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

బెజవాడ_రౌటర్:
అద్భుతం. నేనూ రాత్రి నా మెషీన్ మీద అదే పరీక్ష నడిపాను, నాది సున్నానే వచ్చింది, ధైర్యంగా ఉంది. ఒక అనుమానం. నాది 36 వోల్టుల సప్లై, 48 పెడితే స్పీడ్ పెరుగుతుందంటున్నారు. పెట్టొచ్చా?

ఈసీఈ_కృష్ణలంక:
మోటార్ వైపు నుంచి చూస్తే ఒక పాత లెక్క ఉంది, మోటార్ కాయిల్ ఇండక్టెన్స్‌ని మిల్లీహెన్రీల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే ఆ మోటార్‌కి పనికొచ్చే గరిష్ఠ వోల్టేజ్. 2.5 మిల్లీహెన్రీలైతే 50 వోల్టుల దగ్గర. కానీ మీ డ్రైవ్ హద్దు 50. బరువైన యాక్సిస్ గబుక్కున ఆగినప్పుడు మోటార్ జనరేటర్ అవుతుంది, ఆ కరెంట్ వెనక్కి తన్ని సప్లై వోల్టేజ్‌ని పైకి లేపుతుంది. 48 మీద మీకు మిగిలేది రెండు వోల్టులే. 36 ఉంచండి, 48 కావాలంటే 80 వోల్టుల వరకు తట్టుకునే డ్రైవ్‌కి మారండి.

కొత్తపేట_వైండింగ్:
దీనికి నేనొకటి కలుపుతా, ఇది నా పనే కాబట్టి. ఎస్‌ఎంపీఎస్ వద్దని ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, కెపాసిటర్‌తో సప్లై కట్టించుకునేవాళ్లు చాలామంది 35 వోల్టుల వైండింగ్ అడుగుతారు. 35ని 1.414తో గుణించి డయోడ్లలో పోయేది తీసేస్తే 48 వస్తుంది, బాగానే ఉంది అనుకుంటారు. కానీ అది లైన్‌లో 230 ఉన్నప్పటి మాట. రాత్రి చుట్టుపక్కల షాపులన్నీ మూసేశాక లైన్ 250కి ఎగబాకితే డ్రైవ్‌కి 52 దాటి పోతుంది. పగలంతా బాగా నడిచిన డ్రైవ్ రాత్రి షిఫ్టులో పేలిందంటే కారణం ఇదే అయ్యుంటుంది. 50 వోల్టుల డ్రైవ్‌కి 28 వోల్టుల వైండింగ్ చెప్పి చుట్టించుకోండి, 38 దగ్గర వస్తుంది, లైన్ ఎంత ఆడినా భయం లేదు.

ప్లాస్మా_ఆటోనగర్:
ఈ పోస్టు ప్రింట్ తీసి ప్యానెల్ తలుపుకి అంటిస్తా. మా దాంట్లో డ్రైవ్‌లు రాత్రిపూటే ఎందుకు పోతున్నాయో ఇప్పుడు తెలిసింది.

గుంటూరు_చెక్కపని:
మాస్టారూ, ఇంకొక్కటి. కరెంట్ పోయినప్పుడు మా స్పిండిల్ మెల్లగా కిందకి జారి చెక్కలో గుచ్చుకుంటోంది. దీనికీ స్విచ్ ఏమైనా ఉందా?

లేత్_మాస్టారు:
దీనికి స్విచ్ లేదయ్యా. సగం కరెంటైనా ఫుల్ కరెంటైనా డ్రైవ్‌కి సప్లై ఉన్నంతసేపే పట్టు. సప్లై పోతే మోటార్‌లో మిగిలేది అయస్కాంతం తాలూకు చిన్న పట్టు మాత్రమే, బాల్ స్క్రూ బరువుకి వెనక్కి తిరిగిపోతుంది. మామూలు ట్రెపిజాయిడల్ స్క్రూ అయితే చాలావరకు నిలిచేది, బాల్ స్క్రూకి ఆ గుణం లేదు. ఖర్చు పెట్టగలిగితే వెనక బ్రేకు ఉన్న మోటార్ దొరుకుతుంది, 24 వోల్టులు అందినప్పుడు బ్రేకు వదులుతుంది, పోగానే పట్టేస్తుంది. అంత అక్కర్లేదంటే గ్యాస్ స్ప్రింగ్ పెట్టండి. జెడ్ మీద కదిలే భాగాన్ని మొత్తం విప్పి తూకం వేయండి, పది కిలోలుంటే 100 న్యూటన్ల స్ప్రింగ్ సరిపోతుంది, దానికన్నా గట్టిది పెడితే ఈసారి స్పిండిల్ పైకి లేస్తుంది. దాని స్ట్రోక్ మీ జెడ్ కదిలే దూరం కన్నా ఒక అంగుళం ఎక్కువ ఉండాలి. బిగించేటప్పుడు సిలిండర్ పైన, రాడ్ కింద ఉండేలా పెట్టండి, లోపలి ఆయిల్ సీల్ మీద నిలిచి ఎక్కువ కాలం వస్తుంది. పెట్టాక మేడమ్ చెప్పిన వెయ్యి సార్ల ప్రోగ్రాము ఇంకోసారి నడిపి గేజ్ చూడండి.